ఒకటి తక్కువ

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కేసరికి
థర్మాకోల్ పెట్టెలో ఐసు సగం నీరైపోయింది.
రొయ్యల ఫ్యాక్టరీలో ఏసుపాదం డబ్బులొద్దన్నాడు.
"రగతానికి కదండీ, ఆయ్, పట్టుకెళ్ళండి" అని
ఇంకో రెండు గడ్డలు కొట్టి ఇచ్చాడు.
ఆ రొయ్యల వాసనలో, ఆ చల్లదనంలో
మూడు గాజు గొట్టాలు
చీకటి పడకముందే కాకినాడ చేరాలి.
వాటి మీద నా చేతిరాతతో ఒక నంబరు.
నంబరు వెనక మరిడమ్మ.

మరిడి ఊరిని ఊడ్చిన యేడు పుట్టింది.
మళ్ళీ రాకుండా దాని పేరే పెట్టారట.
"పిలిస్తే నేను పలుకుతున్నా గదా,
ఇంకదెందుకొస్తుందీ" అనేదట అందరితో.

వచ్చింది.
వరి పొట్టమీదున్న భాద్రపదంలో
దోమ ముక్కున మెదడువాపై వచ్చింది.
తొమ్మిది రోజులు ఒళ్ళు తెలియని జ్వరం.
ఆవిడ లేచింది.
పక్క మంచం మీద మనవడు లేవలేదు.
ఆరేళ్ళు. సాయంత్రం బాతుల లెక్క వాడిదే.

సూది గుచ్చుతుంటే అడిగింది,
"ఏవుందే నా ఒంట్లో, ఇంత దూరం వచ్చావు?"

నేను లస్కరు కూతుర్ని.
లాకుల పక్క క్వార్టర్స్‌లో పెరిగాను.
నాన్న ఇనప చక్రం తిప్పితే
తలుపులు మూసుకునేవి, పడవ పైకి లేచేది.
ఎప్పుడు మూయాలో నీరే చెబుతుంది, వినాలి, అనేవాడు.
నాకు తెలిసిన భాషలోనే చెప్పాను:
వైరసు లోపలికి దిగడానికి సందు వెతుక్కుంటుంది మామ్మా,
నీ రక్తం ఆ సందుకి కొలత తప్పని తలుపు చెక్కింది.
మాకా కొలతలు కావాలి.

చాలాసేపు కాలవవైపు చూసింది.
"మరి అప్పుడే కొలుచుకెళ్ళి
వాడికి పెట్టకపోయారా."

దూది గట్టిగా నొక్కి పట్టుకోమన్నాను.

కాకినాడలో, ఏసీ హోరులో,
తాలు చెరిగి గింజ ఏరినట్టు
ఆవిడ తెల్లకణాల్ని ఒక్కొక్కటీ విడదీశాం.
నాలుగు వేలలో మూడు వైరస్‌ని పట్టుకున్నాయి.
వాటిలో ఒక్కటే విడవలేదు.
దాని రాత చదివి
గాజులా గుండ్రంగా ఉండే డిఎన్ఏలో అతికించాం.
అది కండలోకి దిగితే
ఒళ్ళే ఆ తలుపు చెక్కుకోవాలి,
జ్వరం ముఖం ఎరగని ఒళ్ళు కూడా.
వరదలో కరెంటు పోయినా చెడకూడదు.
సుభాషిణి మేడమ్ బోర్డు మీద రాసిన ఒక్క మాట
ఏడాదిగా ఎవరూ తుడవలేదు:
"లంకకి ఐసు రాదు."

ఏడో బ్యాచి పాడైంది.
తొమ్మిదో దాని గురించి మాట్లాడుకోం.
పదకొండులో పది ఎలుకలకి ఆరు బతికాయి.
ఆరు ఎక్కువా తక్కువా అని
పెసరట్టు చల్లారిపోయేదాకా వాదించుకున్నాం.

కోతలయ్యాక మళ్ళీ వెళ్ళాను.
"నా రగతం ఏవైందే?"
"ఇంకా ఎలకల దగ్గరే ఉంది మామ్మా."
ఒక్క క్షణం తేరిపార చూసి
కొంగు నోటికడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది.
"నా గాదెలో వడ్లు మెక్కింది చాలక
రగతం కూడా వాటికేనా!"
ఆ నవ్వు ఎక్కడ మారిందో నాకు తెలియలేదు.
కళ్ళు తుడుచుకుంది.
మనుషులదాకా ఎప్పుడొస్తుందంది.
ఏళ్ళు పడుతుందన్నాను. ఎన్నని అడగలేదు.
గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది.

పొద్దువాలింది.
కోసిన మళ్ళలోంచి బాతుల్ని దడిలోకి తోలుతూ
వెదురుకర్ర కొసతో ఒక్కోదాని వీపు తాకి లెక్కపెట్టింది.
రెండొందల పధ్నాలుగు.
"ఒకటి తక్కువ" అంది తనలో తనే.
మళ్ళీ మొదట్నించీ మొదలెట్టింది.

రేవులో ఆఖరి పంటు హారన్ కొడుతోంది.
పెట్టెలో ఐసు కరుగుతోంది.
చెప్పులు గట్టుమీద విప్పేసి
నేను అటు చివర్నించి లెక్కపెడుతున్నాను.